ఒప్పుకోలు పలుకులు: ఆంగ్లభాషయందలి వాదాంగీకారపదముల చరిత్ర

వాదము సాగుచుండఁగా నెదిరి చెప్పిన మాట యుక్తమని తోఁచినప్పుడు దాని నొప్పుకొనుటకు ఆంగ్లభాషలోఁ బలుకుబడులు పెక్కులు గలవు. "ఐ గ్రాంట్", "ఐ కన్సీడ్", "అడ్మిటెడ్", "టూషే", "పాయింట్ టేకన్", "ఐ స్టాండ్ కరెక్టెడ్", "ఫెయిర్ ఇనఫ్" అనునవి యందుఁ గొన్ని. పాఠము చెప్పునప్పుడు వీనినన్నిటిని "ఒప్పుకొనుచున్నాను" అను నొక్కమాటతోఁ దెలిఁగించుట సులభము. అర్థమునకు అది చాలును, చరిత్రమునకుఁ జాలదు. ఈ పలుకులు ఒక్కచోటఁ బుట్టినవి కావు. ఒకటి ద్వంద్వయుద్ధభూమినిఁ బుట్టినది, ఒకటి విద్యాపీఠమున, ఒకటి న్యాయస్థానమున, మఱియొకటి భోజనపు బల్లయొద్ద. పుట్టినచోటునుబట్టి యొక్కొక్కదానియందు ఓటమివలని సిగ్గు ఎంత పాలు గలదో, సత్యమునందలి యాదర మెంత పాలు గలదో మాఱుచుండును. ఆ పుట్టువులను వరుసగాఁ బరిశీలించి, ఓటమి కానట్టి యొప్పుకోలు అను భావము ఆంగ్లేయులకు ఎచ్చటనుండి లభించినదో చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

రణభూమి

ఆంగ్లదేశమునఁ గొన్ని వివాదములు మాటలతోఁ గాక కఱ్ఱలతోఁ దీరిన కాల మొకటి కలదు. 1066 లో నార్మనులు ఆ దేశమును జయించి, తమతోఁగూడ యుద్ధదివ్యమును దెచ్చిరి. మన స్మృతులయందుఁ జెప్పఁబడిన యగ్నిజలాది దివ్యముల వంటిదే యిదియును. సత్యము గలవానికి దైవము తోడుపడునను నమ్మకమే దీనికిఁ బునాది. భూమినిగూర్చిన వివాదములలో వాదిప్రతివాదులు తాము పోరక, "ఛాంపియను"లనఁబడు ప్రతినిధులను నిలుపుదురు. ఆ ప్రతినిధులు కఱ్ఱలను దోలుడాళ్లను బూని, చుక్కలు పొడుచువఱకుఁ బోరవలయును. అంతవఱకుఁ దన ప్రతినిధి నిలిచినచోఁ బ్రతివాదియే గెలిచినట్లు. అంతకు ముందే యొకఁడు "క్రేవెన్" అను మాట నుచ్చరించినచో వివాద మంతటితో ముగియును. "ఓడితిని" అని దానికిఁ దాత్పర్యము.

ఈ మాట పలుకుట ప్రాణభిక్ష వేఁడుటకంటె నెక్కుడు. పలికినవాఁడు ధర్మాధికారము గల స్వతంత్రపురుషుఁడుగాఁ బరిగణింపఁబడఁడు. అటుపిమ్మట సాక్షిగాఁ గాని, జూరీలో సభ్యుఁడుగాఁ గాని నిలువరాదు. 1768 లో వెలువడిన ధర్మశాస్త్రవ్యాఖ్య మూఁడవసంపుటమున బ్లాక్‌స్టన్ పండితుఁడు దీనిని ఘోరపదముగాఁ బేర్కొన్నాఁడు. దండన యింత కఠినముగా నుండుటకుఁ గారణ మేమి? పూర్వకాలమున భూవివాదమున వాది నిలుపు ప్రతినిధి వట్టి కూలిబంటు కాఁడు, సాక్షి. ఆ భూమి వాది పూర్వుల స్వాధీనమున నుండఁగాఁ దానో తన తండ్రియో చూచినట్లు ప్రమాణము చేసి యాతఁడు బరిలో దిగవలయును. ఈ ప్రమాణము 1275 నాఁటి శాసనమువలనఁ దొలఁగినది. కాఁబట్టి యాతఁడు "క్రేవెన్" అనుట "నేఁ గూటసాక్షిని" అని తన నోటఁ దాను జెప్పుకొనుటయే. ఈ పద్ధతియందు ఎదిరి మాట సత్యమని యొప్పుకొనుటకును, తన బ్రదుకంతయు నసత్యమని యొప్పుకొనుటకును నడుమ నెడము లేదు. నేఁడా పదమునకు ఆంగ్లమునఁ బిఱికివాఁడని యర్థము.

దీనికిఁ దోడుగా "రిక్రియెంట్" అను పద మింకొకటి కలదు. అదియును ద్వంద్వయుద్ధమున లొంగిపోయినవానికిఁ బేరే. పిదప భీరువునకును ధర్మభ్రష్టునకును వాచక మైనది. శబ్దశాస్త్రమున దీని పుట్టువు మిక్కిలి గమనింపఁదగినది. పాతఫ్రెంచిభాషలోని "రెక్రోఆర్" అను ధాతువునుండి యిది కలిగినది. దానికి మూలము లాటినులోని "క్రేదేరె", అనఁగా విశ్వసించుట. తాను బూనిన విశ్వాసమును వెనుకకుఁ దీసికొన్నవాఁడు రిక్రియెంటు. మొదటఁ బేర్కొన్న "గ్రాంట్" అను పదమును ఈ కుదుటినుండియే పుట్టినది. "క్రేదేరె"నుండి పుట్టిన "క్రెదెంతారె" యను రూపమునకు విశ్వాసము కలిగించుట, మాట యిచ్చుట యని యర్థము. అది పాతఫ్రెంచిలో "క్రెయాంతేర్", "గ్రాంతేర్" అయి, ఆంగ్లమున "గ్రాంట్" అయినది. అర్థము హామీ నిచ్చుటనుండి దానము చేయుటకును, దానినుండి యెదిరి కోరిన మాట నిచ్చుటకును వ్యాపించినది.

ఈ "క్రేదేరె" మనకుఁ బరాయిది కాదు. సంస్కృతమున "శ్రత్" పూర్వకమగు "ధా" ధాతువునుండి పుట్టిన శ్రద్ధాశబ్దమును, లాటిను "క్రేదేరె"యు నొక్క మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. ఒక్క శ్రద్ధనుండి రెండు మాటలు పుట్టి, ఒకటి యోడినవానిని బిఱికియని నిందించుట కేర్పడఁగా, రెండవది యెదిరి యుక్తిని సగౌరవముగా నంగీకరించుట కేర్పడినది. ఒక్క కుదుటి మాటలకు ఇంత భేద మెట్లు వచ్చినది? ఆ మాటలు తిరిగిన చోటులే దానికి సమాధానము.

యుద్ధదివ్యము క్రమముగా సన్నగిల్లినది. 1179 లో రెండవ హెన్రీరాజు, కోరిన ప్రతివాదులకు యుద్ధమునకు బదులు పన్నిద్దఱు వీరభటుల నిర్ణయము లభించునట్లు కట్టడి చేసెను. అయినను ధర్మము గ్రంథములలో నిలిచియే యుండెను. 1817 లో హత్యాభియోగమునకుఁ బాల్పడిన యొకఁడు యీ ప్రాఁతహక్కును గోరి, న్యాయస్థానమునఁ దన చేతితొడుగును నేలవైచి యుద్ధమునకుఁ బిలిచెను. ఆ ధర్మ మింకను జెల్లుచున్నదని 1818 లో న్యాయమూర్తులే యొప్పుకొనవలసి వచ్చెను. అభియోగము చేసినవాఁడు పోరనొల్లకుండుటచే ముద్దాయి విడుదలయయ్యెను. మఱుసటియేఁడు, 1819 లో, పార్లమెంటు దీనిని బూర్తిగా రద్దుచేసినది.

కత్తిసాము

నేఁడు సంభాషణలలోఁ దఱుచు వినవచ్చు "టూషే" యను పలుకును యుద్ధమునకు సంబంధించినదే. కాని యది ప్రాణములు తీయు యుద్ధము కాదు, అభ్యాసము. ఫ్రెంచిభాషలో "తాఁకఁబడితిని" అని దాని యర్థము. కత్తిసాము నేర్పు శాలలలో మొనమొద్దుచేసిన కత్తి తన్నుఁ దాఁకినప్పుడు, తాఁకింపఁబడినవాఁడే యా మాట పలుకుట మర్యాద. కొట్టినవాఁడు "కొట్టితిని" అని చాటుకొనరాదు. ఇందలి విశేష మిదియే: సాక్ష్యము ఓడినవానిదే, ఆ సాక్ష్యమే యాతని పెద్దఱికము. వాగ్వాదమున నెదిరి మాట సూటిగాఁ దగిలినప్పుడు దీనిని వాడుట ఆంగ్లమున 20వ శతాబ్ద్యారంభమునఁ గానవచ్చుచున్నది.

పలుకు క్రొత్తదే కాని యాచారము ప్రాఁతది. 1600 ప్రాంతమున షేక్స్పియరు రచించిన హామ్లెట్ నాటకముయొక్క కడపటిరంగ మిందుకు నిదర్శనము. అందు లయర్టీసు హామ్లెటుతోఁ గత్తిసాము చేయుచు మొదటి దెబ్బ తగులలేదనును. హామ్లెటు మధ్యస్థుని నిర్ణయ మడుగఁగా, దెబ్బ స్పష్టముగాఁ దగిలినదని యాతఁడు చెప్పును. రెండవ దెబ్బను లయర్టీసు తానే యొప్పుకొనును. అయితే యాతని చేతికత్తి మొద్దు చేయఁబడినది కాదు. దానిమొనకు విషము పూయఁబడియున్నది. నోరు ఆట మర్యాదను బాటించుచుండఁగాఁ జేయి హత్యకుఁ బూనుకొన్నది. ఒప్పుకోలు బాహ్యాచారముగా మిగిలినచో నది కపటమునకుఁ దెర యగునని యీ ఘట్టమువలనఁ దెలియుచున్నది.

కత్తిసాముపోటీలలో 20వ శతాబ్దిని విద్యుద్యంత్రములు ప్రవేశించినవి. 1936 బెర్లిను ఒలింపిక్సులో "ఎపే" యను కత్తిపోటీకి వానినే వాడిరి. దెబ్బ తగిలినంతనే దీపము వెలుఁగును. తగిలినవాని నోటిమాట కెదురుచూడ నక్కఱలేదు. పుట్టినచోట నీ విధముగాఁ బని తగ్గినను, సంభాషణలయందు "టూషే" నిలిచియే యున్నది. మాటలాడువారి నడుమ దీపము వెలిఁగించు యంత్రము లేదు గదా!

విద్యాపీఠము

యుద్ధభూమినుండి విద్యాపీఠమునకు వచ్చినచో ఒప్పుకోలుయొక్క స్వరూపమే మాఱిపోవుచున్నది. ఆక్సుఫర్డు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో మధ్యయుగమునుండి విద్యాపరీక్ష వాదరూపమున జరుగుచుండెడిది. ఒకఁడు సిద్ధాంతమును నిలుపువాఁడు, వేఱొకఁ డాక్షేపించువాఁడు, పైని మధ్యస్థుఁడు. భాష లాటిను. ఆక్షేపించువాఁడు తన వాదమును అవయవములుగా విభజించి చెప్పఁగా, సిద్ధాంతి యొక్కొక్క యవయవమునకు వేఱువేఱుగా బదులు చెప్పవలయును. బదులుమాటలు నియతములు: "కన్‌సేదో", ఒప్పుకొనుచున్నాను, "నెగో", కాదనుచున్నాను, "దిస్తింగ్వో", రెండర్థములుగా విభజించుచున్నాను, "త్రాన్‌సేయాత్", ప్రస్తుతమునకు సాఁగనిమ్ము. ఈ కడపటిది యొప్పుకోలును గాదు, నిరాకరణమును గాదు. ఆ మాట యెట్లున్నను బ్రకృతమునకు బాధ లేదని తాత్పర్యము.

"కన్‌సేదో"నుండియే యాంగ్లమునఁ "గన్సీడ్" అను పదము వచ్చినది. "చేదేరె" యనఁగాఁ దొలఁగుట, చోటిచ్చుట. యుద్ధమున స్థానమునుండి తొలఁగుట పరాజయచిహ్నము. ఈ వాదక్రమమునందో, ఒక యవయవమున నెదిరికిఁ జోటిచ్చుట తరువాతి యవయవమున నెదిరించుటకు సిద్ధపడుటయే. ప్రథమావయవము నొప్పుకొని ద్వితీయమును నిరాకరించినవాఁ డోడినవాఁడు కాఁడు, జాగరూకతతో వాదించినవాఁడు. అన్నిటిని నిరాకరించువానిని మధ్యస్థుఁడు మెచ్చఁడు.

ఈ నియమము పరాకాష్ఠ నొందినది "ఓబ్లిగాతియోనెస్" అను వాదక్రీడయందు. ఆక్సుఫర్డు తార్కికుఁ డగు వాల్టర్ బర్లీ 1302 ప్రాంతమున దీనినిగూర్చి గ్రంథము రచించెను. అందు ఆక్షేపకుఁ డొక వాక్యమును బ్రతిపాదించును. అది తఱుచు అసత్యము. సిద్ధాంతి దానిని సత్యముగాఁ బూనును. తరువాత నడుగఁబడు ప్రతివాక్యమును, పూనినదానినుండి సిద్ధించినచో నొప్పుకొనవలయును, దానికి విరుద్ధమైనచో నిరాకరింపవలయును, రెండును గానిచో యథార్థస్థితినిబట్టి బదులు చెప్పవలయును. పూర్వాపరవిరోధమునఁ జిక్కుకొన్నచో నోటమి. ఇచట ఒప్పుకోలు నమ్మకమునకుఁ గాని సిగ్గునకుఁ గాని సంబంధించినది కాదు, న్యాయశుద్ధికి సంబంధించినది. నిర్ణీతకాలము ముగిసినదని చాటినతోడనే పూనిక తొలఁగిపోవును.

మన పండితులకుఁ దత్క్షణమే న్యాయదర్శనము తలఁపునకు వచ్చును. అక్షపాదుఁడు ప్రథమాధ్యాయమునఁ జెప్పిన నాలుగువిధముల సిద్ధాంతములలోఁ గడపటిది యభ్యుపగమసిద్ధాంతము: పరీక్షింపకయే యొకమాట నంగీకరించి, తద్విశేషములను బరీక్షించుట. శబ్దము ద్రవ్యమే యనుకొన్నను అది నిత్యమా యనిత్యమా యని యడుగుట దీనికి వాత్స్యాయనభాష్యమున నుదాహరణము. ఆంగ్లేయులు "వాదముకొఱకు ఒప్పుకొందము" అను నర్థమున వాడు పలుకుబడి యిదియే. మఱియు న్యాయశాస్త్రమున వాదము, జల్పము, వితండ యని కథ మూఁడు తెఱఁగులు. జల్పవితండలు విజయార్థములు, వాదము తత్త్వనిర్ణయార్థము, గురుశిష్యసబ్రహ్మచారుల నడుమ జరుగునది. నిగ్రహస్థానము లిరువదిరెండు చెప్పఁబడినను, వాదమునఁ గొన్నింటికే ప్రసక్తి.

ఆ యిరువదిరెంటిలో మతానుజ్ఞ యనునది మన విషయమునకు మిక్కిలి దగ్గఱిది. ఎదిరి తనపక్షమున దోషము చూపఁగా, దానిని దొలఁగింపక, "ఆ దోషము నీ పక్షమునను గలదు" అని బదులు చెప్పుట మతానుజ్ఞ. ఇట్లు చెప్పినవాఁడు తన దోషమును దెలియకయే యంగీకరించినవాఁ డగును. దోషము నొప్పుకొనుట తప్పు కాదు; ఒప్పుకొనియు నొప్పుకొననట్లు నటించుట నిగ్రహమునకుఁ గారణము. ఆక్సుఫర్డు వారికిని మన నైయాయికులకును బరస్పరసంబంధ మున్నదని నేను జెప్పుట లేదు. వాదమును శాస్త్రముగా నడపినచోట నొప్పుకోలును లజ్జనుండి విడదీయుట యావశ్యకమైనదని మాత్రమే యీ సామ్యమువలన గ్రహింపఁదగును.

ఈ పద్ధతికిని దోషము లేకపోలేదు. ఆక్సుఫర్డులోనే చదివిన జాన్ లాక్ 1690 నాఁటి తన జ్ఞానమీమాంసాగ్రంథము నాలుగవభాగమున వాదశాలలను దూఱెను. అచట జయమే విద్యకు గీటుఱాయి యగుటచే, స్పష్టమైన సత్యమునుగూడ నోరు మూఁతపడువఱకు నెదిరించుట గౌరవ మైపోయినదని యాతని యాక్షేపణ. ఎదిరి తాను బూర్వ మొప్పుకొన్నమాటలనుండియే వానిని బంధించు వాదమును "అద్ హోమినెమ్" అని యాతఁడు పేర్కొని, దాని బలమునకు హద్దు చూపెను. నా తప్పును జూపఁగలిగినంతమాత్రమున నెదిరి యుక్తమార్గమున నున్నాఁడని తేలదని యాతని భావము. ఈ వివేకము ముఖ్యమైనది. ఒప్పుకోలువలన వాద మొక యడుగు ముందునకు సాఁగును. సత్యము మాత్రము వేఱుగాఁ బరీక్షింపఁబడవలసియే యుండును.

కేంబ్రిడ్జిలో నీ లాటినువాదములు 19వ శతాబ్ది పూర్వార్ధమువఱకును సాఁగి, వ్రాఁతపరీక్షలకుఁ జోటిచ్చి తొలఁగినవి. గుఱుతుమాత్ర మొకటి మిగిలినది. గణితపరీక్షలో మొదటితరగతి నుత్తీర్ణులైనవారికి "రాంగ్లరు" లని పేరు. దానికి వాదులాడువాఁడని యర్థము. 1899 లో రఘునాథ పురుషోత్తమ పరాంజప్యే ఇంకొకరితో సమముగా సీనియర్ రాంగ్లరు స్థానము నొంది, భారతదేశమంతట "రాంగ్లర్ పరాంజపే"గాఁ బ్రసిద్ధుఁ డయ్యెను. వాదమే లేని పరీక్షలో వాదమల్లుఁడను బిరుదు!

న్యాయస్థానము

విద్యాపీఠమున శుద్ధమైన యొప్పుకోలు న్యాయస్థానమున నాయుధ మైనది. "అడ్మిట్" అనఁగా లోనికి రానిచ్చుట. ఎదిరి మాటను వాకిట నాపక లోపలికిఁ బిలుచుట. పిలుచుటలో నుపాయ ముండును. ఆంగ్లధర్మశాస్త్రమున "కన్ఫెషన్ అండ్ అవాయిడెన్స్" అను ప్రత్యుత్తర మొకటి కలదు. అప్పు తీసికొంటినని యొప్పుకొని, కాని తీర్చితి నని చెప్పుట దీనికి దృష్టాంతము. "డిమరర్" అనునది వేఱొకటి. అందుఁ బ్రతివాది వాది చెప్పిన సంగతులనన్నిటిని వాదమునకై యొప్పుకొని, అవి యన్నియు నిజమే యైనను ధర్మశాస్త్రమునుబట్టి దావా నిలువదని ప్రార్థించును. 1883 నాఁటి నియమములచే ఇంగ్లండులో డిమరరు రద్దైనది. చిత్ర మేమనఁగా, వ్యవహారమున సంగతుల నొప్పుకొనుటకుఁ బేరైన యీ పదమునకు జ్ఞాతియగు "డిమర్" అను క్రియ నేఁడు లోకభాషలో నాక్షేపించుట యను నర్థమున వాడఁబడుచున్నది. ఒప్పుకోలును ఆక్షేపణయు నొక్కపదమునఁ గలిసియుండెను. లోకులు రెండవదానినే నిలుపుకొనిరి.

ఆలంకారికులును ఈ యుపాయము నెఱుఁగుదురు. 1589 నాఁటి ఆంగ్లకావ్యశాస్త్రమున జార్జి పటెన్‌హామ్ "పారమొలాజియా" యను గ్రీకు అలంకారమునకు "అడ్మిటెన్సు" అలంకార మని పేరు పెట్టినాఁడు. ఎదిరి మాటలలోఁ దనకు హాని లేనివానిని ముందుగా నొప్పుకొని, శ్రోతల విశ్వాసము చూఱగొని, పిదపఁ దన బలమైన యుక్తితో వానినన్నిటిని గొట్టివేయుట దీని స్వభావము. నేఁటి ప్రసంగములలో "నిజమే, కాని" యని మొదలగు ప్రతివాక్యము నీ జాతిదే. పాఠకులు ఆంగ్లగ్రంథములలో "గ్రాంటెడ్" అను పదము వాక్యాదిని గనఁబడినప్పుడు, వెంటనే "బట్" రాఁబోవుచున్నదని యెదురుచూచుట మేలు.

భోజనపు బల్ల

ఇంతవఱకుఁ జెప్పినవి పండితుల మాటలు. సామాన్యజనులు మద్యశాలలలోఁ గూర్చుండి వాదించుకొనునప్పుడు లాటినుతో వారికిఁ బని లేదు. శామ్యూల్ జాన్సన్ 1755 లోఁ బ్రకటించిన ఆంగ్లనిఘంటువున "నకిల్" అను క్రియకు లొంగుట యని యర్థము చెప్పి, దాని పుట్టువును దా నిట్లూహించెను: వాదమున నోడినవాఁడు ఆ సంగతి నొప్పుకొనుటకై వ్రేళ్లగనుపులతో బల్ల యడుగుభాగమునఁ దట్టెడి వింతయాచార మొకటి కలదనియు, దానినుండి యీ పదము కలిగియుండు ననియు. "నాక్ అండర్" అను పలుకుబడియు 17వ శతాబ్దినుండి యీ యర్థమునఁ గలదు. తరువాతి భాషాశాస్త్రజ్ఞులు జాన్సను ఊహను సందేహించిరి. పూర్వము "నకిల్" అను పదము వ్రేలిగనుపునకే గాక మోఁకాలు మొదలగు కీళ్లకును జెల్లెడిది. కాఁబట్టి మోకరిల్లుటయే మూలము కావచ్చును. గోలీలాటలో గనుపును నేల కానించుటయు "నకిల్ డౌన్" అనఁబడును. వ్యుత్పత్తి యెట్లున్నను, జాన్సను చెప్పిన యాచారము ఆలోచింపఁదగినది. తట్టుట బల్లపైఁ గాదు, బల్లక్రింద. చప్పుడు వినఁబడును, చేయి కనఁబడదు. ఒప్పుకొనవలయును, ముఖము చెల్లవలయును; రెండును జేకూరుట కీ యుపాయము.

తిండికి సంబంధించిన పలుకుబడులు మఱి రెండు గలవు. తన మాటను దాను దినుట యనునది మొదటిది. 1571 లో ఆర్థర్ గోల్డింగు ఆంగ్లీకరించిన కాల్విను కీర్తనవ్యాఖ్యయందు, దేవుఁడు పలికినమాటను మరలఁ దినఁడను నర్థమున నది కనఁబడుచున్నది. మన "మాట మ్రింగుట"తో దీనిని సమానముగా నెంచరాదు. మనము మ్రింగునది నోటి వెలుపలికి రాని మాటను. వారు తినునది వెలుపలికి వచ్చినదానిని.

రెండవది "హంబుల్ పై" తినుట, అనఁగా వినయముతోఁ దప్పొప్పుకొనుట. ఇందు శ్లేష కలదు. వేఁటలోఁ గొట్టిన లేడియొక్క ప్రేఁగులు, గుండె, కాలేయము మొదలగువానికిఁ బూర్వము "నంబుల్స్" అని పేరు. అది లాటినులోఁ గటిభాగమునకుఁ బేరగు "లుంబుస్" అను శబ్దమునుండి వచ్చినది. "ఎ నంబుల్" అనుదానిని "ఆన్ అంబుల్" అని విఱిచి పలుకుటచే మొదటి నకారము లోపించినది. "ఎ న్యాప్రన్" అనునది "ఆన్ ఏప్రన్" అయిన తెఱఁ గిదియే. ఆ మాంసముతోఁ జేసిన "అంబుల్ పై"ని గూర్చి శామ్యూల్ పీప్సు 1663 జూలైలోఁ దన దినచర్యయందు వ్రాసికొన్నాఁడు. పొరుగామె వేఁడివేఁడిగాఁ దెచ్చి యిచ్చినదఁట! అప్పటి కది యవమానము కాదు, విందే. లాటిను "హుమిలిస్"నుండి వచ్చి వినయార్థకమైన "హంబుల్" అను పదముతోఁ దరువాతివారు దీనిని గలిపిరి. 19వ శతాబ్దిని ఒప్పుకోలు నర్థమునఁ బలుకుబడి స్థిరపడినది. రెండుమాటలకును మూలములు వేఱు. కలిపినది జనుల హాస్యరసము. యుద్ధభూమిని బలికినవాని బ్రదుకును జెఱచిన యొప్పుకోలు ఇచట నవ్వుతో దిగమ్రింగఁదగిన కబళ మైనది.

దిద్దుబాటునకు నిలుచుట

కడపట "ఐ స్టాండ్ కరెక్టెడ్" అను పలుకును విచారింతము. "దిద్దఁబడి నిలిచియున్నాను" అని దాని యక్షరార్థము. లాటిను "కొర్రిగెరె", చక్కఁజేయుట, దీనికి మూలము. అందలి "రెగ్" ధాతువును మన ఋజుశబ్దమును సజాతీయములు. వంకరగా నున్నది ఋజువైనదని చెప్పుకొనుటయే దిద్దుబాటు. దీని భావము చాసరు కవి కాంటర్బరీకథలలోఁ గలదు. 1400 లో మరణించిన చాసరు ఆ కావ్యమును ముగింపలేదు. అందు గ్రామమతగురువు తన యుపదేశమునకు ముందు, తాను గ్రంథాక్షరముల నెఱిఁగిన పండితుఁడను గా ననియు, తాత్పర్యమునే గ్రహించితి ననియు, కావునఁ బండితుల దిద్దుబాటునకు నిలుతు ననియుఁ జెప్పుకొనును. ఎవ్వరును దప్పు పట్టకముందే, వాదమే మొదలు కాకముందే, ఒప్పుకోలునకు సిద్ధముగా నుంటినని యాతఁడు చాటుచున్నాఁడు. మన కవుల యవతారికలలోఁ బండితులను దోషములు దిద్దికొనుఁడని వేఁడుటయు నిట్టిదే.

పైఁ జెప్పిన పలుకులను వరుసగా నిలిపి చూచినచో నొక క్రమము గోచరించును. ప్రమాణము చేసి పోరినచోట నొప్పుకోలు నాశము. ఆడి నేర్చుకొన్నచోట నది మర్యాద. అవయవములుగా విభజించి వాదించినచోట నది యొక మెట్టు. వ్యవహారమున నుపాయము, బల్లయొద్ద హాస్యము. ఓటమి కానట్టి యొప్పుకోలు అను భావము ఆంగ్లేయులకుఁ బ్రధానముగా విద్యాపీఠమునుండి లభించినది. అచ్చట నొప్పుకొన్నది యేది, ఒప్పుకొననిది యేది యని వేఱుచేయుటకుఁ దగిన మాట లుండినవి. మనుష్యుఁడు మొత్తముగా నోడనక్కఱ లేక, ఒక్కవాక్యమున మాత్రము సవరింపఁబడుటకు వీలు కలిగినది. "పాయింట్ టేకన్" అను నేఁటి పలుకు దానికి వారసురాలు: నీవు చెప్పిన యా యొక్క యంశమును గైకొంటినని చెప్పుటయేకాని, నేనే కూలితినని చెప్పుట కాదు. "ఫెయిర్ ఇనఫ్" అనునది యంతకంటెను మితమైనది. చాలినంత న్యాయముగానే యున్నదని దాని భావము.

పరిశోధకుల కీ భేదము ప్రాణము. శాసనకాలము, కవికాలము, పాఠనిర్ణయము అను విషయములలో మన పత్రికలయందు జరిగిన వాదములు పెక్కులు. క్రొత్తశాసన మొకటి దొరకినంతనే మునుపటి నిర్ణయము తలక్రిందులగుట యెల్లరు నెఱిఁగినదే. ఆ సమయమునఁ దన పూర్వనిర్ణయమును విడుచుట "క్రేవెన్" అనుటగాఁ దోఁచినవాఁడు శాసనమునే కూటమనఁ దొడఁగును. దిద్దుబాటుగాఁ దోఁచినవాఁడు మఱునాఁడు మఱియొక వ్యాసము వ్రాయును. శాస్త్రము పెరుఁగుట రెండవవానివలననే.

మన భాషాచరిత్రమున దీనికొక గొప్పయుదాహరణము గలదు. వాడుకభాషకై గిడుగు రామమూర్తి పంతులు సలిపిన వాదమును, దాని కెదురైన ప్రతివాదమును బాఠకులకుఁ గ్రొత్తగాఁ జెప్ప నక్కఱలేదు. తన ప్రధానగ్రంథములను బెక్కింటిని గ్రాంథికమున రచించి, గద్యతిక్కనయని పేరొందిన కందుకూరి వీరేశలింగము పంతులు 1919 లో వ్యావహారికభాషాసమాజమునకు అధ్యక్షత వహించుట కంగీకరించెను. ఆ యేఁటి మే నెలలోనే యాయన పరమపదించెను. జీవితపు టంచున, కీర్తిశిఖరమున నుండి, ఎదిరిపక్షపు యుక్తిని గైకొనుటకు ఆయన సంకోచింపలేదు. ఆయన రచించిన గ్రంథములలో నొక్కటియు నందువలన విలువ కోలుపోలేదు. ఆంగ్లమున "గ్రాంట్" అనుటకును మన శ్రద్ధకును మూలమొక్కటే యని పైని జెప్పితిమి. సత్యమునందు శ్రద్ధ గలవానికి ఒప్పుకోలు కష్టము కావచ్చును గాని, యవమానము మాత్రము కాదు.